గళ్ళు లేని నీరుకట్టె

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో రెండు పెద్ద బండల నడుమ ఒక మడుగు. మడుగు నిండా కప్పలు. వానొస్తే వాటి గోల భరించలేక గుడ్లగూబ కూడా వేరే చెట్టు చూసుకునేదట.

ఆ కప్పలకు ఒక కట్టుబాటు ఉండేది. తోక రాలి కాళ్ళొచ్చిన పిల్లలు మొదటిసారి నేల మీదికి వెళ్ళే రోజున కాపలా కప్ప బండెక్కి చుట్టూ చూడాలి. పాము లేదని తేలితే "నేల ఖాళీ!" అని అరవాలి. ఆ మాట వినపడేదాకా ఏ తల్లీ తన పిల్లను నీళ్ళలోంచి కదలనిచ్చేది కాదు. వినపడ్డాక ఏ తల్లీ ఇంకో ప్రశ్న వేసేది కాదు.

ముసలి కాపలా కప్ప తుంగవ్వకు చూపు మందగించింది. ఆమె స్థానంలోకి చెమ్మక్క వచ్చింది. చెమ్మక్కవి మంచి కళ్ళు. ఆ సంగతి ఆమెకు కాస్త ఎక్కువే తెలుసు.

బండ అప్పగిస్తూ తుంగవ్వ, "అమ్మాయ్, కదలిక చూడు. మనకు దేవుడు కళ్ళిచ్చింది అందుకే. కాళ్ళు లేకుండా కదిలేది ఏదైనా సరే, ముందు కేక పెట్టు. ఆలోచించడం తర్వాత" అని చెప్పింది.

"అలాగే అవ్వా" అంది చెమ్మక్క. అంది గానీ ఆ మాట చెవికెక్కించుకోలేదు. కాళ్ళు లేనివి అడవిలో ఎన్ని లేవు! ఊగే తీగలున్నాయి, నీళ్ళలో కొట్టుకొచ్చే పుల్లలున్నాయి. అన్నిటికీ కేకలు పెడుతూ కూర్చుంటే నలుగురూ నవ్వరూ?

కొన్నాళ్ళకు ఒడ్డుకు ఒక నీరుకట్టె వచ్చింది. నీటి అంచున తిరుగుతూ కప్పల్ని మింగే పాము అది. ఆకుపచ్చ ఒళ్ళు, దాని మీద వరసగా నల్లటి గళ్ళు. చూడగానే చెమ్మక్క కేక పెట్టింది. కప్పలన్నీ బుడుంగున మునిగాయి. పాము ఖాళీ కడుపుతో వెనక్కి పోయింది.

ఆ రోజు మడుగంతా చెమ్మక్కను పొగిడింది. పొగడ్త ఆమె తలకెక్కింది. "పామంటే ఎలా ఉంటుందో నన్నడగండి. ఆకుపచ్చ ఒళ్ళు, నల్ల గళ్ళు. అంతే!" అని పిల్లలందరినీ కూర్చోబెట్టి నేర్పింది. పిల్లలు తోకలాడిస్తూ పొద్దునా సాయంత్రమూ అదే పాఠం వల్లె వేశాయి. వినడానికి ముచ్చటగానే ఉండేది.

ఇంకొన్నాళ్ళకు ఇంకో పాము వచ్చింది. ఇది మసిబారిన కుండలా నల్లగా ఉంది. ఎంత వెతికినా గళ్ళు కనబడవు. తీరిగ్గా బండ కిందనుంచే పాకుతూ పోయింది. అప్పటికే ఎక్కడో కడుపు నింపుకుని వచ్చినట్టుంది, కప్పల వంక కన్నెత్తి కూడా చూడలేదు. చెమ్మక్క కేక పెట్టలేదు.

పక్కనే నీళ్ళలో ఉన్న తుంగవ్వకు ఆ అలికిడి తెలిసింది. "ఏమే, ఇప్పుడు పోయింది పాము కాదూ?" అని అడిగింది.

"కాదవ్వా. దానికి గళ్ళు లేవు. ఏదో బాగా బలిసిన వానపాము."

"అంత వానపామా!"

"ఈ ఏడు వానలు బాగా పడ్డాయి కదవ్వా."

తుంగవ్వకు ఒళ్ళు మండింది. "ఒక తల్లి పెట్టిన గుడ్లలోంచే ఒకటి నల్లగా, ఒకటి ఎర్రగా వస్తాయే పిచ్చిదానా! మనం మాత్రం అందరం ఒకే రంగా? నువ్వు ఆకుపచ్చ, నేను బురద రంగు. అంతమాత్రాన నేను కప్పను కాకుండా పోయానా?"

"చూపు ఆననిదానివి, రంగుల సంగతి నీకెందుకులే అవ్వా" అంది చెమ్మక్క.

ఆ మాట తుంగవ్వకు గట్టిగా తగిలింది. నీళ్ళ అడుగుకు వెళ్ళి కూర్చుంది.

తర్వాత ఒక పొద్దున పిల్లల్ని నేల మీదికి పంపే రోజు రానే వచ్చింది. తోక రాలిన పిల్లలన్నీ ఒడ్డున మూగాయి. ఎదురుగా గడ్డిలో చీమలూ దోమలూ బోలెడున్నాయి. నీళ్ళలోనే ఉండిపోతే ఇక పస్తే. వెళ్ళక తప్పదు.

వాటిలో అందరికంటే ముందు నిలబడ్డది చినుకు. దాని తల్లి నాచమ్మ ఆ ఏడు పెట్టిన గుడ్లన్నీ చేపల పాలయ్యాయి. మిగిలింది చినుకు ఒక్కతే. "అక్కా, జాగ్రత్తగా చూసి చెప్పవూ" అని నాచమ్మ కింది నుంచి బతిమాలింది.

చెమ్మక్క చూసింది. ఒడ్డుకూ గడ్డికీ మధ్య ఎండుటాకులు గుట్టగా పడి ఉన్నాయి. ఆ ఆకుల మీద ఏదో పొడుగ్గా ఉంది. ఎండుగడ్డి రంగు, అక్కడక్కడా ఎర్రటి మరకలు. చెమ్మక్క గళ్ళ కోసం వెతికింది. లేవు. ఆకుపచ్చ కోసం వెతికింది. అదీ లేదు. అంతలో దాని ఒక కొస నుంచి సన్నటి నాలుక బయటికొచ్చి లోపలికి పోయింది.

చెమ్మక్క కేక పెట్టబోయింది. కానీ వెంటనే అనుమానం పట్టుకుంది. పొరపాటయితే? ఎండుకొమ్మను చూసి జడుసుకుందని మడుగంతా చెప్పుకోదూ? తుంగవ్వ అయితే నెలరోజులు దెప్పుతుంది. చెమ్మక్క తెరిచిన నోరు మూసుకుంది.

కింది నుంచి చినుకు పిలిచింది. "పెద్దమ్మా, ఆ కొమ్మ కదిలింది."

"కొమ్మలు కదలవా ఏంటి? గాలికి కదిలి ఉంటుంది."

"గాలి లేదుగా పెద్దమ్మా."

"నేను నేర్పిన పాఠం చెప్పు. పాము ఎలా ఉంటుంది?"

"ఆకుపచ్చ ఒళ్ళు, నల్ల గళ్ళు."

"మరి అది అలా ఉందా?"

"లేదు."

"మరింకేం!" అంది చెమ్మక్క. బండ మీద నిటారుగా కూర్చుని గొంతెత్తి అరిచింది. "నేల ఖాళీ!"

చినుకు చెప్పిన మాట వినే పిల్ల. గెంతుతూ బయల్దేరింది. దాని వెనక మిగతా పిల్లలు.

ఆకుల మీద ఉన్నది తలెత్తింది. పిల్లలు చెల్లాచెదురయ్యాయి. వెనక ఉన్నవన్నీ నీళ్ళలోకి దూకి బతికాయి. ముందు వెళ్ళిన చినుకుకు ఆ వీలు లేకపోయింది.

పాము వెళ్ళిపోతూ బండ దగ్గర ఆగింది. "కాపలా అక్కా, నువ్వు నన్ను చూశావు. నేను నిన్ను చూశాను. గళ్ళతో వచ్చింది మా అన్న. నల్లగా వచ్చింది మా చెల్లి. నీ పాఠం గడ్డిలో పడుకుని రోజూ వినేదాన్ని. అందులో నా రంగు లేదు. అందుకే దాక్కునే పని పెట్టుకోలేదు" అంది. అని తన దారిన తాను పాకుతూ పోయింది.

నాచమ్మ ఏడుస్తూ బండెక్కి వచ్చింది. పాపం, ఆమెకు చెమ్మక్క మీద కోపం కూడా లేదు. "ఆ మాయదారి పాము ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది. నీకు కనబడి ఉండదు కదూ అక్కా?" అంది.

అవునంటే సరిపోయేది. అందరూ నమ్మేవారు. కానీ ఆ తల్లి ముఖం చూసి అబద్ధమాడటం చెమ్మక్క వల్ల కాలేదు.

"కనబడింది" అంది. "నాలుక కూడా చూశాను. రంగు సరిపోలేదని ఊరుకున్నాను."



"మా చినుకుకూ కనబడింది. నువ్వు కాదన్నావని వెళ్ళింది" అంది నాచమ్మ. అని మెల్లగా బండ దిగి నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

నీతి: కళ్ళెదుట కనబడుతున్న ప్రమాదాన్ని, మనకు తెలిసిన గుర్తులతో సరిపోలలేదని కొట్టిపారేయకూడదు.