పొంగని కుండ

ఒక రాజ్యంలో జ్వరానికి మందు ఒకే జాతి చెట్టు బెరడులో ఉండేది. ఒలిచి ఒలిచి చివరికి ఒక్క చెట్టు మిగిలింది.

పులియబెట్టే పనిలో చెయ్యి తిరిగిన ఒకావిడ ఆ చెట్టు గుణాన్ని ఈస్టు కణంలోకి ఎక్కించింది. బెల్లం నీళ్లు తాగి ఈస్టు చేదుమందు చెయ్యాలి.

"వానలు పడేలోగా మందు రాకపోతే బెరడు కోసం ఆ చెట్టూ కొట్టించేస్తాను," అన్నాడు రాజు.

"కొట్టిస్తే వచ్చే ఏడు జ్వరానికి ఏమిస్తారు ప్రభూ?" అంది ఆమె.

రాజు గడువు మార్చలేదు.

మొదటి కుండ చేదెక్కింది. ఆమె ఆనందం ఇంతా అంతా కాదు. అమ్మమ్మల నాటి ఆచారం ప్రకారం ప్రతి విడతా బాగా పొంగిన కుండలోంచే తోడు తీసి కొత్త కుండల్లో వేసింది. పొంగని కుండల్ని మూలకి నెట్టింది. ఆరో విడతకి నురగ మూతల్ని తోసుకుని వచ్చింది. నాలిక మీద వేసుకుంటే చేదు లేదు.

"నురగ తాగి జ్వరం తగ్గించుకోమంటావా?" అని మంత్రి నవ్వాడు. గొడ్డలివాళ్లని చెట్టు దగ్గర కాపు పెట్టాడు.

ఆమెకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని మూలనున్న కుండ మీదికి వంగి, "నన్నెందుకిలా ముంచారు?" అని అడిగింది.

"మా ఓపికంతా మందు చెయ్యడానికే పోయింది, ఇంక పొంగేదెలా?" అంది అందులోని ఈస్టు. "పని మానేసినవాళ్లు తిని పెరిగారు. నువ్వు ప్రతిసారీ వాళ్లనే ఏరుకుపోయావు."

ఇన్నాళ్లూ వాపు చూసి బలుపనుకున్నానని ఆమెకి అర్థమైంది. పొంగిన కుండలన్నీ పారబోసింది. మూలనున్నవాటిని ముందుకి లాగి, వేలు ముంచి రుచి చూసి, చేదెక్కువ ఉన్నదాన్నే తోడు తీసింది. మళ్లీ రుచి చూసింది, మళ్లీ తోడు తీసింది. నాలిక మొద్దుబారినా ఆగలేదు.

తొలి చినుకు పడిన రోజు రాజు వచ్చి కుండలోకి చూశాడు.

"ఇందులో పొంగే లేదే!"

"రుచి చూడండి ప్రభూ."

చేదుకి రాజు మొహం ముడుచుకుపోయింది. తర్వాత గొడ్డలివాళ్లని వెనక్కి రమ్మని కబురు పంపాడు.

మర్నాడు సభలో మంత్రి ఎప్పటిలాగే రాజుని పొగడటం మొదలుపెట్టాడు. రాజు చెయ్యెత్తి అతన్ని ఆపి, చివరి వరసలో నోరు మెదపకుండా నిలబడ్డవాళ్ల పేర్లు అడిగాడు.