సింగనామాత్యుడి పడవ పరీక్ష

సోమకోట రాజు జయకేసరికి పల్లకీ ఎక్కితే చాలు, కడుపులో తిప్పడం మొదలయ్యేది. వైద్యులు ఏవేవో కషాయాలు పట్టించారు. ఏమీ లాభం లేకపోయింది. చివరికి రాజు విసుగెత్తి పల్లకీలే మానేశాడు. రాజుగారి కడుపు కుదుటపడింది. పల్లకీ మోసేవాళ్ల కడుపులు మాత్రం మాడాయి.

రాజు చెడ్డవాడేం కాదు, కాస్త ఆలస్యంగా ఆలోచిస్తాడు, అంతే. ఒకరోజు కోట బయట గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న జనాన్ని చూసి నొచ్చుకున్నాడు. పని లేనివాళ్లు ఎవరైనా సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకుంటామంటే, కావలసిన సరంజామా ఖజానా నుంచి ఇస్తామని చాటింపు వేయించాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ పనిని కోశాధికారికి అప్పగించడమే బాగాలేదు. ఆయన్ని ఉత్త సింగన అని పిలిస్తే పలికేవాడు కాదు. సింగనామాత్యులవారూ అని పూర్తిగా అనాలి. కోట గుమ్మం ముందు తన పాలరాతి విగ్రహం నిలబెట్టించుకోవాలని ఆయనకు ఎన్నాళ్లుగానో కోరిక. ఈ సొమ్ము మిగిలితే విగ్రహానికి వాడుకోవచ్చని రాజు దగ్గర ఎలాగో మాట తీసుకున్నాడు. ఇక మిగలకుండా ఎందుకుంటుంది?

ఆయన పెట్టిన నిబంధన ఒక్కటే. సాయం కావాలంటే ముందు పని చేసి చూపించాలి, అది చూసి ఆయన తృప్తి పడాలి.

అట్ల కొట్టు పెట్టుకుంటానని ఒకావిడ వచ్చింది.

"ఏదీ, ఒక అట్టు పోసి చూపించు."

"పెనం కోసమే గదండీ తమ దగ్గరికొచ్చింది."

"పెనం కూడా లేనిదానివి అట్ల కొట్టు ఏం నడుపుతావు? పో."

నేత నేర్చినవాడు వస్తే బట్ట చూపించమన్నాడు. మగ్గం లేదన్నాడు వాడు. పొమ్మన్నాడు ఈయన. తర్వాత, పల్లకీ మోసిన బయ్యన్న వచ్చాడు. ఏటి అవతల సంతకు జనాన్ని దాటించుకుని బతుకుతాను, ఒక పడవ ఇప్పించండని దండం పెట్టాడు.

"ముందు పడవ నడిపి చూపించు" అన్నాడు సింగనామాత్యుడు. ఇంట్లో పిల్లలు పస్తులున్న మనిషితో అనాల్సిన మాటేనా అది?

అక్కడి నుంచి నేరుగా రాజు దగ్గరికెళ్లి పెదవి విరిచాడు. "ప్రభూ, మన రాజ్యంలో పనికొచ్చేవాడు ఒక్కడూ లేడు."

"రేపొక్కరోజు చూద్దాం" అన్నాడు రాజు. "అప్పటికీ ఎవరూ దొరక్కపోతే ఈ సాయం ఆపేసి నీ విగ్రహమే చెక్కించుకో."

రాజుకు తాంబూలం చుట్టి ఇచ్చే కుందమ్మ పక్కనే ఉంది. పెద్ద నోరుగలది, అంతకంటే పెద్ద బుర్రగలది.

"అమాత్యులవారి నిబంధన బంగారం లాంటిది ప్రభూ" అంది ఆకు మడుస్తూ. "కాకపోతే సగమే అమలవుతోంది. బయ్యన్న నడిపి చూపించాలి, సరే. వారు చూడాలి గదా? పడవ నడిపేవాడి పనితనం గట్టున నిలబడితే ఏం తెలుస్తుంది? ఎక్కి కూర్చోవాలి."

రాజుకు వేడుకలంటే ప్రాణం. "రేపు పొద్దున్నే ఏటికి పోదాం" అన్నాడు. సింగనామాత్యుడు 'బంగారం' అన్న మాట దగ్గరే ఆగిపోయి, మిగతాది వినకుండానే తల ఊపేశాడు.

మర్నాడు గట్టు నిండా జనం. కొత్తనీరు వచ్చి ఏరు ఎర్రగా ఉంది, అడుగు కనిపించడం లేదు. బయ్యన్న చెరకు గానుగ దగ్గర్నుంచి బెల్లం వండే పెద్ద పెనం దొర్లించుకొచ్చి నీళ్లలో వేశాడు.

"ఇదేమిట్రా?"

"తమరు పడవ ఇచ్చేదాకా నా పడవ ఇదే దొరా. ఎక్కండి."

సింగనామాత్యుడు రాజు వంక చూశాడు. రాజు అప్పటికే మరమరాల పొట్లం విప్పుకుని కూర్చున్నాడు. "ఎక్కవయ్యా, ఆలస్యమవుతోంది" అన్నాడు. ఆయన ఎక్కక తప్పలేదు.

పెనం అడుగున ఎండిన బెల్లం పాకం ఉంది. దానికి తడి తగిలేసరికి ఆయన పట్టుపంచెను గట్టిగా పట్టేసింది. బయ్యన్న తానూ ఎక్కి, పాకం కలిపే తెడ్డుతో నీళ్లు తోశాడు. పెనం కాస్త ముందుకుపోయి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. సింగనామాత్యుడికి ఒకసారి రాజు కనిపిస్తే మరుక్షణం అవతలి గట్టు. తలపాగా ఊడి, ఆయన్ని వదిలేసి సంత వైపు సాగిపోయింది.

"ఒరే బయ్యన్నా, గట్టుకు పోనీరా."

"పడవైతే పోనిద్దునండీ. ఇది పెనం గదండీ, మాట వినదు."

ఇంకొక్క చుట్టు తిరిగేసరికి సింగనామాత్యుడికి లోకమంతా తలకిందులైంది. గొంతు చించుకున్నాడు.

"ముందు వీడికి పడవ ఇవ్వండయ్యా. పని తర్వాత చూపిస్తాడు."

కుందమ్మ గట్టు మీద చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సరిగ్గా వినపడలేదండీ. పని ముందా, పనిముట్టు ముందా?"

"పనిముట్టే ముందు తల్లీ, పనిముట్టే."

"ఒక్క బయ్యన్నకేనా?"

"అందరికీ. ఆ అట్లావిడకు పెనం ఇవ్వండి. నేతవాడికి మగ్గం ఇవ్వండి. ఎవరు ఏ పని నేర్చుంటే దానికి కావలసింది ఇవ్వండి. నన్ను మాత్రం బయటపడెయ్యండి."

"మరి తమరు తృప్తి పడ్డట్టేనా?"

"పడ్డాను, పడ్డాను."

బయ్యన్న తెడ్డు పక్కన పెట్టి, తాపీగా పెనంలోంచి నీళ్లలోకి దిగాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఏటికి ఈ వైపంతా ఇసుక మేట, లోతంతా అవతలి పాయలోనే. ఎర్రనీటిలో అది సింగనామాత్యుడికి ఎలా తెలుస్తుంది? బయ్యన్న పెనం చెవి పట్టుకుని, సంతకు దూడను తోలుకొచ్చినట్టు గట్టుకు లాక్కొచ్చాడు.

రాజు నవ్వీ నవ్వీ మరమరాలు పొలమారి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఊపిరి తిప్పుకుని, బయ్యన్నకు ఆ పూటే కొత్త పడవ ఇప్పించమన్నాడు. తన చేతి కంకణం తీసి కుందమ్మకు ఇచ్చాడు.

"అమాత్యా, నీ మాటే శాసనం. పోయి వెంటనే అమలు చెయ్యి" అన్నాడు.

సింగనామాత్యుడు హుందాగా లేవబోయాడు. ఆయనతో పాటు పెనం కూడా లేచింది.