గోడ మీద ఆముదం

కార్తీక శుద్ధ విదియ, గురువారం, పొద్దు బారెడెక్కిన వేళ రాజుగారి తనిఖీదారు పిల్లల ఇంటి ముందు బండి దిగాడు.

ఆ ఇంట్లో ఉండేవాళ్ళు కాళ్ళు నిలవని పిల్లలు, చూపు ఆనని పిల్లలు, మాట పెగలని పిల్లలు. వాళ్ళకు అన్నం పెట్టి అక్షరాలు నేర్పే ఆవిడను ఊరంతా పెద్దమ్మ అనేవారు. చదువుకు వెలుగు కావాలని రాజుగారు నెలనెలా బియ్యంతోపాటు కుండెడు ఆముదం పంపేవారు. అది దీపానికే వాడాలని ఆజ్ఞ. వాడారో లేదో తెలియడానికి తనిఖీదారు దీపపు గూట్లో వేలు పెట్టి రాసి చూస్తాడు. మసి అంటితే గూటి మీద రాజముద్ర వేస్తాడు, కుండ మళ్ళీ వస్తుంది. అంటకపోతే బియ్యం కూడా ఆగిపోతుంది. ఇల్లు మూతపడి, పిల్లలు ఎవరింటి మూలకు వాళ్ళు వెళ్ళిపోతారు.

ఈ ఇంటి గూట్లో మసి లేదు.

బండి చప్పుడు వినగానే వంటామె అన్నం కుండ బోర్లించి అడుగు గీకింది. "చిటికెలో గూటికి పామేస్తాను పెద్దమ్మా. ఆ మసీ మసే, ఈ మసీ మసే. ఆయనేం నాకి చూస్తాడా?"

పిల్లల వంక చూస్తే సరే అనాలనిపించింది పెద్దమ్మకు. దేవుడి పటం వంక చూస్తే నోరు రాలేదు. "వద్దులేవే," అంది చివరికి. "ఆ కుండ కడిగి ఎసరు పెట్టు. వచ్చినాయన భోంచేస్తాడేమో."

తనిఖీదారు లోపలికొచ్చాడు. ఓ పిల్ల తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగాడు. గూటి ముందు కూర్చుని లోపల బొటనవేలు రాసి వెలుతురులో చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు.

"దీపం పెట్టలేదా అమ్మా?"

"పగలే చదువు చెప్పేస్తాను బాబూ. పొద్దుగూకితే కొందరికి దీపం ఉన్నా లేనట్టే. మీ ఆముదం మోకాళ్ళకు మర్దనా చేశాను."

"అందరూ ఏదో ఒకటి చెబుతారమ్మా," అన్నాడాయన, విసుక్కోకుండానే. "పొరుగూళ్ళో గూడంతా నల్లగా ఉంటే మెచ్చుకుని వచ్చాను. ఆముదం సంతలో అమ్ముకుని కుండ మసి పూశారట."

పొయ్యి దగ్గర వంటామెకు దగ్గు తెర వచ్చింది.

"మీరు అమ్ముకోలేదని నాకెలా తెలియాలి? మోకాలికి మసి అంటదు కదా."

ఆయన రాజముద్ర సంచీలో పెట్టేసుకుని లేచాడు. లేస్తూ లేస్తూ గోడకు చెయ్యి ఆనించాడు. జిడ్డు అంటింది. వాసన చూశాడు. ఆముదం.

మంచం దగ్గర్నుంచి గుమ్మం వైపుగా, పిల్లల భుజమెత్తున, గోడ మీద నల్లటి చార ఒకటి సాగి ఉంది. అన్నీ చిన్న చిన్న అరచేతులు, ఒకదాని మీద ఒకటి.

"మర్దనా కాగానే ఓ పిల్ల ఆ జిడ్డు చేత్తోనే గోడ పట్టుకుని నడుస్తుంది బాబూ," అంది పెద్దమ్మ సిగ్గుపడుతూ. "ఎంత తుడిచినా పోదు."

ఆయన ఆ చార వెంబడి నడిచాడు. మంచం దగ్గర దట్టంగా ఉంది. పోనుపోను పలచబడింది. చేతికీ చేతికీ మధ్య ఎడం పెరిగింది. కిటికీ దాటాక ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇక్కడ ఆగిందేం? ఆముదం అయిపోయిందా?"

"లేదు బాబూ. అక్కణ్ణుంచి గోడ పట్టుకోదు."

"ఎవరు?"

"మీకు మంచినీళ్ళు ఇచ్చిన పిల్ల."

తనిఖీదారు బండివాణ్ణి కేకేసి బియ్యం, ఆముదం దింపించాడు. ముద్ర గూటి మీద వేయలేదు. చార ఆగిన చోట వేశాడు.

"ఇక నుంచి గోడలు కూడా చూస్తాను," అన్నాడు.

"అయితే రేపట్నించి అందరూ గోడలకు ఆముదం పూస్తారు," అంది వంటామె.

"పూయనీ. ఎక్కడ ఆపాలో వాళ్ళకు తెలియదుగా."

బండి సందు మలుపు తిరిగేదాకా పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత దేవుడి పటం ముందు చతికిలబడి, చెంగుతో ముఖం తుడుచుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ పూట ఆవిడ నోటికి అన్నం రుచి తెలిసింది.

మర్నాడు పొద్దున్నే, వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టాక, ఇంకా నిలబడలేని చిన్నవాడి మంచాన్ని పెద్దమ్మ, వంటామె చెరోపక్కా పట్టుకుని ఎదుటి గోడ వారకు జరిపారు. ఆ గోడ తెల్లగా ఉంది.

"ఇదీ పాడవుతుంది పెద్దమ్మా," అంది వంటామె.

"పాడవనీ," అంది పెద్దమ్మ, అరచేతిలోకి ఆముదం వంచుకుంటూ.