పదివేల స్థానం

ఒక పాత కారులో, అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే మీటరు ఉండేది. అందులో అయిదు అంకెల చక్రాలు వరసగా కూర్చునేవి. కుడి చివర ఒకట్లవాడు. కిలోమీటరుకోసారి కదలడం వాడి పని. ఎడమ చివర పదివేలవాడు. పదివేల కిలోమీటర్లకోసారి, అదీ ఆవులిస్తూ, ఒక్క అంకె జరిగేవాడు.

అంత తక్కువ పనిచేసేవాడికి అంత పెద్ద స్థానం ఎవరిచ్చారో గాని, ఆయన మాత్రం తొమ్మిదికి చేరాక, ఆ తొమ్మిదిని చూసే కారు నడుస్తోందని నమ్మాడు. ఒకట్లవాణ్ణి పేరు పెట్టి కూడా పిలిచేవాడు కాదు. "ఒరేయ్, తిరుగు" అనేవాడు.

ఒకనాడు మీటరు 99997 దగ్గర ఆగిపోయింది. కారు నడుస్తూనే ఉంది, అంకెలే కదల్లేదు. పదివేలవాడు ఒకట్లవాణ్ణి సోమరిపోతని తిట్టిపోశాడు. అప్పుడు పక్కనున్న వేలవాడు ఆయన చెవిలో ఒక మాట ఊదాడు. ఇంకో మూడు కిలోమీటర్లు తిరిగితే అందరూ సున్నాలే, ఆరో అంకెకి ఈ మీటరులో చోటు లేదు.

ఆయన వెంటనే గొంతు మార్చి ఒకట్లవాణ్ణి పలకరించాడు. "ఎంత చాకిరీ చేశావురా నాయనా. ఇక విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఒకట్లవాడికి కళ్ళు చెమ్మగిల్లాయి. పాపం, బుద్ధెరిగాక వాడు విన్న మొదటి మంచిమాట అదే.

కారు యజమానురాలు మాత్రం ఊరుకోలేదు, మెకానిక్కుని పిలిపించింది. అతను మీటరు విప్పి చూశాడు. "అంకెలకేం రోగం లేదమ్మా. వీటిని తిప్పే పళ్ళచక్రానికి ఒక పన్ను ఊడింది" అని కొత్తది వేశాడు. పదివేలవాడు బిగుసుకుని కూర్చున్నాడు. మెకానిక్కు చుక్క నూనె వేసి, స్క్రూడ్రైవరు పిడితో ఆయన నెత్తిమీద ఒకటిచ్చాడు. బిగువంతా సడలిపోయింది.

కారు రోడ్డెక్కింది. మూడో కిలోమీటరు పూర్తవగానే అయిదుగురూ ఒక్క కుదుపుతో సున్నాలయ్యారు. కారు ఏమీ జరగనట్టే పోతోంది. నాలుగో కిలోమీటరుకి ఒకట్లవాడు ఒకటయ్యాడు. ఆవిడ మీటరు చూసి "ఒకటి" అని చదివింది. ముందున్న నాలుగు సున్నాలనూ అసలు చదవనేలేదు.

పదివేలవాడు ఒకట్లవాణ్ణి పిలిచాడు.

"బాబుగారూ, నేను మళ్ళీ ఒకటవడానికి ఎంత పడుతుంది?"

"పదివేల కిలోమీటర్లకి ఒక్కటి తక్కువండి."

"కాస్త తొందరగా తిరగకూడదూ?"

"నేను తిరగడమేమిటండి, తిప్పేది కారు. మనం ఆగిపోయినన్నాళ్ళూ కారు నడుస్తూనే ఉందిగా" అంటూనే ఒకట్లవాడు రెండయ్యాడు.