కోసి చూసిన చక్రం

మధ్యాహ్నం కృపాకర్ కాలేజీ ఫౌండ్రీ షెడ్డులోకి చిటపటలాడుతూ వచ్చాడు. చేతిలో అల్యూమినియం చక్రం ఉంది. నీటి పంపులో తిరిగే రెక్కల చక్రం అది.

లోపల సోమలింగాచారిగారు పోత అచ్చుల కోసం ఇసుక జల్లిస్తున్నారు. కార్ఖానాల్లో లోహం కరిగించి పోతపోస్తూ సగం వయసు గడిపి, ఆ తర్వాత ఈ కాలేజీలో ప్రొఫెసరై అదే విద్య నేర్పినాయన. రిటైరైనా షెడ్డు వదలలేదు. కృపాకర్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు ఆయన చెప్పిన పాఠమే తను చెబుతున్నాడు.

"ఏమయ్యా, మొహం అట్లా ఉంది?"

"నఫీసా అనే అమ్మాయిని క్లాసులోంచి బయటికి పంపేశాను సార్."

"ఏం చేసింది?"

"ఈ చక్రం చూపించి, లోపం లేని పోత అంటే ఇదీ అని చెబుతున్నాను. లేచి నిలబడి, 'పైకి బాగానే ఉంది సార్, లోపల కూడా బాగుందని ఎలా తెలుసు?' అంది. అందరూ నవ్వారు. నా చదువు రోజుల్లో నేను పోసింది సార్ ఇది. మీరే చేత్తో తడిమి శెభాష్ అన్నారు."

"అన్నాను. నేనూ పైనే తడిమాను. ఇంతకీ ఆ పిల్లకేం చెప్పావు?"

"చెప్పేదేముంది సార్? మర్యాద నేర్చుకుని రమ్మన్నాను."

ఆచారిగారు జల్లెడ పక్కన పెట్టి చేతులు దులుపుకున్నారు. చక్రాన్ని అందుకుని బల్లకున్న వైస్‌లో బిగించారు. గోడకున్న హ్యాక్సా రంపం తీసి కృపాకర్ చేతికిచ్చారు.

"కొయ్యి."

కృపాకర్ రంపాన్ని ఆయన వైపే తిరిగి చాపాడు.

"సార్, ఇది నా మొదటి పోత. కోస్తే మళ్ళీ అతకదు."

"అతకదు."

"ఒకవేళ లోపల..."

ఆయన అప్పటికే జల్లెడ దగ్గరికి వెళ్ళిపోయారు.

 చివరికి కృపాకర్ చక్రం అంచుకి రంపం ఆనించాడు. రెక్కలు తేలిగ్గానే తెగాయి. నడిమి భాగానికి వచ్చేసరికి రంపం ఆపాడు. మందంగా ఉన్నచోట లోహం ఆలస్యంగా గట్టిపడుతుంది. లోపల గుల్ల పడితే అక్కడే పడుతుంది. ఆ సంగతి ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేది తనే. చెమటకి పిడి జారిపోతుంటే చేతులు చొక్కాకి తుడుచుకుని మళ్ళీ కోశాడు.

చక్రం రెండు ముక్కలైంది. కోసినచోట గరుకు ఎమెరీ కాగితంతో రుద్ది, గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. సూదిమొన పట్టేంత గుల్లయినా లేదు.

"సార్! ఏమీ లేదు సార్! చూడండి, ఎక్కడా ఏమీ లేదు!"

ఆచారిగారు వచ్చి చూశారు. కోసిన ముఖాన్ని బొటనవేలితో తడిమారు.

"నిన్న కూడా లేదు కదయ్యా. ఇవాళెందుకింత సంతోషం?"

"లేదని నిన్న నాకు తెలీదు కదా సార్," అంటూనే కృపాకర్ చేతిలోని ముక్కల వైపు చూశాడు.

రెండు ముక్కలూ పట్టుకుని బయటికి నడిచాడు. లైబ్రరీ మెట్ల మీద కూర్చున్న నఫీసా అతన్ని చూసి కంగారుగా లేచి నిలబడింది. కృపాకర్ ఆ ముక్కల్ని ఆమె చేతుల్లో పెట్టాడు.

"పొద్దున ఏదో అడిగావు కదమ్మా," అన్నాడు. "క్లాసులోకొచ్చి అడుగు."