బిళ్ళల టైరు జాడ

సన్యాసయ్య మాస్టారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. లోకంలో ఇంత అన్యాయం ఎందుకుందని అడిగిన ఒక కుర్రాణ్ణి ఆయన పొద్దున్నంతా వీధికుళాయి దగ్గర నిలబెట్టారు. మనిషి స్వభావతః మంచివాడా, చెడ్డవాడా అని అడిగిన లెక్చరరు చేత బస్టాండులో ముసలివాళ్ళ సంచులు మోయించారు. వాళ్ళకు జవాబు దొరికిందో లేదో ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పూట మాస్టారి వరండాలో నలుగురూ కూడి చదువుకునే చోటికి రావడం మాత్రం మానలేదు.

ఆ వరండాలో అందరికన్నా ఎక్కువ చదివినవాడూ, అందరికన్నా తొందరగా కోపం వచ్చేవాడూ దినకర్. కొండ మీది తేనెగొంది అనే గూడేనికి మందులు చేరవేసే చిన్న సంఘంలో పనిచేసేవాడు. కొండ కింద సంత దగ్గర తారురోడ్డు ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి ఉన్నదాన్ని దారి అనడానికి నోరు రావాలి. రాళ్ళు, వాటి తరవాత వాగు, వాగు దాటితే ఎర్రబురద. ప్రతి ఎన్నికలకూ ముందు ఎవరో వచ్చి దారి పొడుగునా సున్నం పూసిన రాళ్ళు పాతి వెళతారు. వాన పడితే సున్నం పోతుంది, రాళ్ళు మిగులుతాయి. ఓటు పెట్టె మాత్రం ఆ దారిలోనే భద్రంగా పైకెక్కి, అంతే భద్రంగా కిందికి దిగుతుంది. జ్వరం వచ్చిన పిల్ల దిగడానికే ఆ దారి పనికిరాదు.

అందుకే దినకర్ ఒక మోటారుసైకిలు కొన్నాడు. తారు మీదా మట్టి మీదా నడిచే రకాల్లో అన్నిటికన్నా చవకది, అదీ ఎవరో వాడి వదిలించుకున్నది. కొన్ననాడు దానికి ఎత్తు తప్ప వేరే గుణం లేదు. తన అద్దెగది ముందు గోనెసంచి పరుచుకుని, ఫోనులో వీడియోలు చూసి, పాడుచేసి, మళ్ళీ బాగుచేసి, దాన్ని కొండబండిగా మార్చాడు. వెనక పెద్ద పళ్ళచక్రం వేశాడు. వేగం తగ్గి ఎక్కే బలం పెరిగింది. ముందుచక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల్లో స్ప్రింగుల మీద ప్లంబింగు పైపు ముక్కలు కోసి పెట్టి, చిక్కటి నూనె పోశాడు. అప్పటిదాకా ప్రతి గుంతలోనూ మోకాళ్ళ మీద కూలబడే బండి, గుంతను పలకరించి పోవడం నేర్చుకుంది. ఇంజనుకు రాళ్ళు తగలకుండా కింద పాత షాపుబోర్డు రేకు బిగించాడు. ఇప్పటికీ వంగి చూస్తే దాని మీద 'జాకెట్లు కుట్టబడును' అన్న అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి. వెనక సీటుకు వీపు ఆనించే కమ్మీ, నడుముకు పట్టీ అమర్చాడు, రోగుల కోసం. అన్నిటికన్నా చివర టైర్లు మార్చాడు. బొటనవేలి మందాన రబ్బరు బిళ్ళలు పొడుచుకొచ్చిన బురద టైర్లు అవి. వాటితో ఆ బండి ఎక్కని ఏటవాలు లేకపోయింది. పురిటినొప్పులు ఆ సీటు మీద కొండ దిగాయి, పాముకాట్లు దిగాయి. ఒక ముసలాయన దిగి, నయమై, దాని మీదే తిరిగి ఎక్కి, ఇంటి ముందు ఆపితే "అప్పుడేనా, ఇంకో సుట్టు తిప్పు బాబూ" అన్నాడు.

రోడ్డు కోసం అర్జీలు రాసిందీ దినకరే. రాయగా రాయగా ఒక ఇంజనీరు దారి చూడ్డానికి వచ్చాడు. ఆయన జీపు సంత దగ్గరే ఆగిపోయింది. దినకర్ ఆయన్ని బండెక్కించుకున్నాడు. ఆరోజు అతను చేయవలసిందల్లా ఆ దారి కుదుపులు ఆయనకు తగలనివ్వడమే. చేతులు ఊరుకోలేదు. కొత్త నూనె పోసిన ఫోర్కులు ఎలా పనిచేస్తాయో చూపాలనిపించింది. రాయి రాయికీ క్లచ్చి పట్టి, వాగులో ఆయన బూటు తడవకుండా దాటించి, బురదలో ఒక్కసారి కూడా కాలు దించకుండా గూడెం నడిబొడ్డున ఆపాడు. "ఏం తయారుచేశావయ్యా బండిని, ఆ పైపు ముక్కల ఆలోచన ఎవరిది?" అని ఇంజనీరు వంగి మరీ చూశాడు. దినకర్ మొహం వెలిగిపోయింది. పైపు సైజు దగ్గర్నుంచి వివరంగా చెప్పాడు. కొన్నాళ్ళకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: తేనెగొందికి ద్విచక్ర వాహనాలు ఇబ్బంది లేకుండా వెళుతున్నాయి కనుక రోడ్డుకు తొందర లేదు.

దినకర్ ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. మళ్ళీ రాశాడు, ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు, అరిచాడు. చివరికి ఇంకొక్కసారి వచ్చి చూస్తామన్నారు. ఈసారీ కాదంటే గూడెం పేరు రోడ్ల జాబితాలోంచి పోతుంది, మళ్ళీ ఎప్పుడెక్కుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంజనీరు రావలసిన రోజుకు ముందురోజు పొద్దున మాస్టారు దినకర్ గదికి వచ్చారు. బండి వెనకచక్రం విప్పి గోనెసంచి మీద పడుంది. పాత నున్నటి టైర్లు గోడకు ఆనించి ఉన్నాయి.

"ఏమిటోయ్, బండికి ఇంకా ఏం పెంచుతున్నావు?"

"పెంచడం కాదు మాస్టారూ, తీసేస్తున్నాను. రేపు వాగు దాటాక బురదలో ఆయన పడాలి. పడితేనే రోడ్డు కావాలని రాస్తాడు."

"ఆయన పడితే ముందున్నవాడివి నువ్వూ పడతావు."

"పడతాను. త్యాగం లేకుండా చరిత్ర కదలదు."

మాస్టారు చరిత్రను పట్టించుకోకుండా ఒక నట్టు తీసుకుని వేళ్ళ మధ్య తిప్పసాగారు. "మరి చక్రం విప్పి, టైరు తీయకుండా కూర్చున్నావేం?"

"నిన్న పైనుంచి కబురొచ్చింది. గూడెంలో సొంబారి కోడలికి ఇవాళో రేపో పురుడట. నున్నటి టైరుతో ఆ పిల్లను దించలేను." స్పానరు కింద పెట్టాడు. "మీరే చెప్పండి మాస్టారూ. లక్షణానికి మందు వేస్తూ పోతే వ్యాధి సింహాసనమెక్కుతుంది. నేను బండిని బాగుచేసిన కొద్దీ రోడ్డు వెయ్యనివాళ్ళ సాకు బాగుపడుతోంది. సర్దుకుపోవడమంటే అన్యాయం కింద సంతకం పెట్టడమే. ఉపశమనమా, మౌలికమైన మార్పా? రెండింటిలో ఏది?"

ఈ ప్రశ్నకు అతను చదివిన పుస్తకాల్లో రెండు రకాల జవాబులూ ఉన్నాయి. రెండూ ఒకే ధీమాతో ఉన్నాయి.

మాస్టారు నట్టు అతని చేతిలో పెట్టారు. "తేనెగొంది చూసి చాలాకాలమైంది. చక్రం బిగించు, నన్ను తీసుకెళ్ళు."

"ఏ టైరుతో?"

"విప్పింది విప్పినట్టు బిగించు. టైర్ల సంగతి నాకేం తెలుసు."

సంత దాటి తారు అయిపోయిన చోట మాస్టారు అతని భుజం తట్టారు. "ఇక్కడ దింపు."

"బండి పైదాకా వెళుతుంది మాస్టారూ. భయమైతే నడుముకు పట్టీ ఉంది."

"వెళుతుందని ఊరంతా చెప్పుకుంటోంది. నేను నడుస్తాను."

"మరి నేను?"

"అది నీ ఇష్టం."

డెబ్భై దాటిన మనిషిని కొండ మీదికి ఒంటరిగా వదల్లేక, దినకర్ టీకొట్టు పక్కన బండి పెట్టి, పెద్ద బూట్లతోనే వెనక బయల్దేరాడు. మొదట విసుగేసింది. ఆ దారి అతనికి కంఠస్థం. ఇక్కడ రెండో గేరు, ఇక్కడ లేచి నిలబడాలి, ఇక్కడ ఎడమ వార పట్టాలి. కాళ్ళకు గేర్లు లేవు. బండి మీద ఒక ఊపిరిలో అయిపోయే ఏటవాలు ఎంతకీ తరగడం లేదు. వాగుకు ఇవతల, దారి పక్కన, గుండెల ఎత్తులో ఒక బల్లపరుపు రాయి కనిపించింది. దాన్ని రెండు నిలువు రాళ్ళ మీద ఎవరో జాగ్రత్తగా నిలబెట్టారు. నిలువు రాళ్ళ మొదళ్ళలో ఇంకా కాస్త సున్నం ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు దినకర్. ఇన్నేళ్ళూ దాని పక్కనుంచే వెళ్ళాడు.

మాస్టారు తన చేతిసంచి ఆ రాతి మీద పెట్టి, వంగకుండానే మళ్ళీ ఎత్తుకున్నారు. మోపులు మోసేవాళ్ళు వంగకుండా దింపుకోవడానికి కట్టుకున్న చోటు అది. రోడ్డు వస్తుందని పాతిన రాళ్ళు అలాగైనా ఉపయోగపడుతున్నాయి. దినకర్ దాన్ని ఒకసారి చేత్తో తట్టి చూశాడు. అప్పటి నుంచి అతను దారిని చూడటం మొదలుపెట్టాడు.

వాగు దాటాక బురద వచ్చింది. అందులో తన టైరు జాడ కనబడి ముచ్చటేసింది. బిళ్ళ పక్కన బిళ్ళ, అచ్చు గుద్దినట్టుంది. ఏ వైపు బిళ్ళలు ఎక్కువ అరిగాయో జాడను బట్టి తెలుస్తుందేమోనని కూర్చుని చూశాడు. వేలు పెట్టి లోతు చూశాడు. వేలు చాలలేదు. ఒక పుల్ల విరిచి దింపాడు, అదీ చాలలేదు. లేచి ముందుకు నడిచాడు. జాడ కాదు అది, కాలవ. దారి వెంబడి, పిక్కల లోతున, ఎర్రనీళ్ళు నిలిచి మలుపు దాకా పోతోంది. బండికి అనువైన వార ఎక్కడుందా అని అతను ఒకప్పుడు ఎంతో నేర్పుగా వెతికి పట్టుకున్నాడు. తాతల నాటి నుంచి కాళ్ళు నడిచి గట్టిపరిచిన వార అదే. ఆ గట్టినేలనే బిళ్ళలు పెళ్ళలుగా పెకలించాయి. కాలవకు పక్కన ముళ్ళపొదలను ఒరుసుకుంటూ, ఒక పాదం పట్టేంత సన్నటి కొత్త దారి పడింది. ముళ్ళకు అక్కడక్కడా చీర పోగులు వేలాడుతున్నాయి. మాస్టారు పంచె ఎత్తిపట్టుకుని అప్పటికే ఆ అంచు మీద నడుస్తున్నారు.

పైనుంచి అదే అంచు మీద సొంబారి దిగుతోంది. తల మీద అడ్డాకుల మోపు, కాళ్ళకు చెప్పుల్లేవు. కోడలి కబురు పంపింది ఈమే. దినకర్‌ను చూసి ఆగింది.

"ఏటి సారూ, నడిసొస్తన్నావు? బండి సచ్చిపోనాదేటి?"

"లేదమ్మా, కింద ఉంది. కోడలెలా ఉంది?"

"ఇంకా నొప్పుల్రాలేదు. బండి దగ్గిరే ఉండనీ."

"ఉంటుంది. సొంబారమ్మా, ఈ కాలవ... ఇది నా బండి వల్లేనా?"

ఆమె బురదకేసి చూసింది, అతని మొహంకేసి చూసింది. "మరింకెవులు బండి వస్తాది ఇక్కడికి?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ ముళ్ళ సక్రాలు ఏసినకాడి నుంచి. మొదట్ల జారి పడేవోళ్ళం. ఇప్పుడు పక్కనుంచి అలవాటైపోనాది."

"నాకెందుకు చెప్పలేదు?"

సొంబారి నవ్వింది. "నువ్వు ఆగితే గదా. డుబుడుబుమని పోతావు. మేం పక్కకి తప్పుకుంటాం, సెయ్యెత్తుతాం. నువ్వూ సెయ్యెత్తుతావు." మోపు సర్దుకుని, అతనికి దారి ఇవ్వడానికి అలవాటుగా ముళ్ళలోకి ఒరిగింది. "అయినా, సెప్తే రావడం మానేస్తావేమోనని."

సర్దుకుపోవడం గురించి పొద్దున తాను అన్న మాట దినకర్‌కు గుర్తొచ్చింది. ఆ మాట మళ్ళీ అనాలనిపించలేదు. బూటు కాలవలోకి దించి ఆమెకు అంచు వదిలాడు. నీళ్ళు బూటులోకి వచ్చాయి.

మర్నాడు ఇంజనీరు జీపు దిగి, టీ తాగి, అలవాటైన చుట్టంలా బండి వైపు నడిచాడు. బండికి బిళ్ళల టైర్లే ఉన్నాయి.

"ఇవాళ నడుద్దాం సార్," అన్నాడు దినకర్.

"ఏం, పాడైందా?"

"లేదు సార్. ట్యాంకు నింపి పెట్టాను. పైన ఒకమ్మాయికి నెలలు నిండాయి, ఆమె కోసం."

"పోయినసారి హాయిగా వెళ్ళాం కదయ్యా. ఈ ఎండలో నడకేమిటి?"

"పోయినసారి మీరు నా బండిని చూశారు సార్. నేనూ దాన్నే చూపించాను."

ఇంజనీరు గొణిగాడు గాని నడిచాడు. మోపులు దింపే రాతి దగ్గర చేరబడి, ఇదేమిటని అడిగాడు. బురద మొదలైన కాసేపటికి ఆయన బూటు ఒకటి లోపలే ఉండిపోయింది. ఒంటికాలి మీద నిలబడి, దినకర్ భుజం పట్టుకుని, "ఇంత లోతున తవ్విపోయిన బండి ఏ వెధవదయ్యా?" అన్నాడు.

వెనక మోపులతో ఆగిన ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సొంబారి నేలచూపులు చూసింది.

"నాదే సార్," అన్నాడు దినకర్. "రోడ్డు లేదని వేసిన టైరు. ఉన్న దారిని తినేసింది."

ఎవరో ఫక్కున నవ్వారు. ఇంజనీరు నవ్వలేదు. బూటు పీక్కుని, జేబులోంచి టేపు తీసి, ఒక కొస దినకర్ చేతికిచ్చి కాలవలోకి దించమన్నాడు. ఏ హామీ ఇవ్వలేదు. మలుపు దాకా కొలిచాడు.

సాయంత్రం సొంబారి కోడలికి నొప్పులొచ్చాయి. దినకర్ బండి కొండెక్కింది, ఆమెను దించింది. ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాలవ ఇంకాస్త లోతైంది.

ఆదివారం మాస్టారి వరండాలో, దినకర్ లేకుండానే, మాస్టారు చెప్పగా విన్న అతని ప్రశ్న మీద పెద్ద వాదన నడుస్తోంది. ఉపశమనం వైపు కొందరు, మార్పు వైపు కొందరు పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. దినకర్ ఆలస్యంగా వచ్చాడు. గోళ్ళ నిండా ఎర్రమట్టి ఉంది.

"మాస్టారూ, ఆ కాలవలో రాళ్ళు పేరిస్తే నిలుస్తాయా, లేక ముందు నీళ్ళు పోవడానికి పక్కన తవ్వాలా? సొంబారి వాళ్ళు రాళ్ళంటున్నారు, నేను తవ్వాలంటున్నాను. కాలిదారి కాళ్ళకు వదిలేసి, బండికి పొద అవతల వేరే వార చూశాం. టైరు బిళ్ళలు సగానికి కోసేశాను. అలాగైతే తక్కువ తవ్వుతుందేమో, ఇంకా తెలీదు."

వాదిస్తున్నవాళ్ళు ఆగారు. వాళ్ళలో ఒకడు కాస్త నొచ్చుకున్నట్టు, "మరి మొన్నటి నీ ప్రశ్న? దాని సంగతేమిటి?" అన్నాడు.

మాస్టారు చెప్పుల కోసం మెట్ల మీదికి దిగుతూ అన్నారు:

"అది ఏ పుస్తకంలోదో, తిరిగి ఇచ్చేసి ఉంటాడు. ఇది వాడిది."