దొరగారి పథ్యం

గుమ్మడిపాడు దొరకు నలభై అయిదేళ్లు దాటాయో లేదో, నాలుగు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఊరి వైద్యురాలు గురవమ్మ నాడి చూసి, "నెయ్యీ, మిఠాయిలూ మానండి దొరా. అంబలీ, ఆకుకూరలూ తినండి. ఈ పథ్యమే మీకు మందు" అని చెప్పింది.

నెల తర్వాత గురవమ్మ వచ్చి చూస్తే దొర మరింత లావయ్యాడు. నౌకరు సోములు మాత్రం ఎముకల గూడై వాకిట్లో నిలబడ్డాడు.

"దొరగారి ఉపవాసాలన్నీ నేనే కదమ్మా ఉండేది. ఈ పథ్యమూ నాకే అప్పగించారు" అన్నాడు నీరసంగా.

గురవమ్మ ఒళ్లు మండి లోపలికి నడిచింది. లోపల విస్తరి ముందు కూర్చున్న దొర, "నీ పథ్యం పనిచెయ్యలేదు. కొరడా దెబ్బలు తప్పవు!" అని గర్జించాడు.

"సోములు తింటే తమరికెలా పనిచేస్తుంది దొరా?"

"ఎందుకు చెయ్యదు? వాడు నా మనిషి. వాడు తింటే నేను తిన్నట్టే!"

"అలాగా!" గురవమ్మ సోముల్ని చెయ్యిపట్టి లాక్కొచ్చి, దొర విస్తరిని వాడి ముందుకు జరిపింది. "తిను సోములూ! బూరెలు తిను, నెయ్యి పోసుకో. దొరగారి కడుపు నిండాలి!"

దొర మళ్లీ గర్జించబోయి నోరు తెరిచాడు. ఆ నోటి ముందుకే సోములు కోసం పెట్టిన అంబలి ముంత చాపింది గురవమ్మ.

"సోములు పథ్యం చెడిపోకూడదు. వాడి బదులు తమరు తాగండి."